ముడి విప్పే మాట

మా వదిన ఉద్యోగంలో సగం అబద్ధం చెప్పడం, మిగతా సగం చెప్పిన అబద్ధాన్ని వెనక్కి తీసుకోవడం. ఈ మాట నేనంటే ఆవిడకి ఒళ్ళు మండుతుంది. "అబద్ధమేంటే? దాన్ని ముందుమాట అంటారు" అని కసురుతుంది. ముందుమాటో వెనకమాటో గానీ, ఎదుటివాడి మొహంలోకి సూటిగా చూస్తూ, రెప్ప కూడా కదపకుండా లేనిది ఉన్నట్టు చెప్పగలిగిన మనిషిని మా వదిన తర్వాత నేనింకొకర్ని చూడలేదు. అలాంటి మనిషితో ఒకే ఇంట్లో ఉండటం ఎంత కష్టమో నన్నడగండి. తను ఆ విద్యలో ఆరితేరింది కాబట్టి, లోకంలో ఎవరేం చెప్పినా ఆవిడకి అది ముందుమాటలాగే వినిపిస్తుంది. మా అన్నయ్య "టీ తాగుతావా?" అని అడిగితే "ఎందుకు?" అంటుంది.

యూనివర్సిటీలో ఓ పాత భవనం. పై అంతస్తుల్లో క్లాసులు, వీధి మట్టంలో లైబ్రరీ, నేలమాళిగలో ఒక ప్రయోగశాల. లైబ్రరీలో పుస్తకాలు తిరిగి తీసుకునే కౌంటర్ నాది. నేలమాళిగ మా వదినది. మనిషి చూపు ఎక్కడ నిలుస్తుంది, ధ్యాస ఎటు మళ్ళుతుంది, కళ్ళెదుట ఉన్నది కూడా ఎందుకు కనిపించకుండా పోతుంది అని అక్కడ పరిశోధిస్తారు. అందరూ దాన్ని ధ్యాస ల్యాబ్ అంటారు. కిటికీలుండవు. గోడలకి నల్లరంగు. లోపలి గదిలో ఒక కంప్యూటర్ తెర, దాని ముందు కుర్చీ, గడ్డం ఆనించుకోవడానికి ఒక చట్రం, కనుపాప ఎటు కదిలిందో పసిగట్టే చిన్న కెమెరా. ఎంతటి పెద్దమనిషైనా ఆ చట్రంలో గడ్డం పెట్టాక మంగలి ముందు కూర్చున్నంత బుద్ధిగా అయిపోతాడు.

వాళ్ళని కూర్చోబెట్టేది మా వదిన. "తెర మీద ఎర్రచుక్కలు ఎన్నొస్తాయో లెక్కపెట్టండి, అంతే" అంటుంది. వాళ్ళు ప్రాణం పెట్టి లెక్కపెడతారు. మధ్యలో తెర ఆగిపోతుంది. వైరేదో ఊడినట్టు వదిన బల్ల కిందికి వంగుతుంది. వంగినప్పుడు తెల్లకోటు, లేచేటప్పటికి పసుపు కోటు. అసలు పరీక్ష అదీ. చుక్కలు ఎన్నన్నది ఎవరికీ అక్కర్లేదు. కోటు మారిందని కనిపెట్టారా లేదా అన్నదే కావాలి. కనిపెట్టనివాళ్ళే ఎక్కువ.

అంతా అయ్యాక వదిన ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంటుంది. ఆ మాటలు నాకూ కంఠతా వచ్చు. ఉద్యోగంలో చేరిన కొత్తలో అంట్లు తోముతూ కూడా అప్పగించుకునేది మరి. "కాస్త కూర్చోండి. ఇంతసేపూ మీకు చెప్పింది అసలు సంగతి కాదు. మేం చూసింది వేరే." అలా మొదలుపెట్టి, కోటు సంగతి చెప్పి, చివర్లో, "మీరు చూడలేదంటే మీలో లోపమేం లేదు. అందరికీ ఇలాగే జరుగుతుంది" అని ముగిస్తుంది. దీన్ని ల్యాబ్‌లో ముడి విప్పడం అంటారు. ముడి విప్పకుండా ఎవర్నీ గడప దాటనివ్వకూడదని అక్కడ నియమం. ఒకాయన బస్సు దొరకదంటూ మధ్యలో లేచి పరుగెత్తితే, మా వదిన పసుపు కోటుతోనే బస్టాపుదాకా వెంటపడి, ఫుట్‌బోర్డు మీద నిలబడ్డవాడికి ముడి విప్పి మరీ వచ్చింది. జనం ఏమనుకున్నారో ఏమో.

ఒక రిటైరైన జడ్జిగారు మాత్రం లొంగలేదు. "కోటు మొదట్నుంచీ పసుపే" అని భీష్మించుకున్నారు. "సాక్షుల్ని చూసి చూసి పండిపోయిన కళ్ళమ్మా ఇవి. నాకన్నీ కనిపిస్తాయి" అన్నారు. వదిన బల్ల కింద నుంచి తెల్లకోటు తీసి చూపిస్తే, "ఇది ఇప్పుడు తెచ్చి పెట్టారు" అని కొట్టిపారేసి వెళ్ళిపోయారు. ఆ కథ చెప్పుకుని మా ఇంట్లో చాలా రోజులు నవ్వుకున్నాం.

నిజానికి వదిన అక్కడ చేరింది టైపిస్టుగా. ఆవిడ మొహం చూసి మనసులో ఏముందో చెప్పలేమని ఆ ల్యాబ్ నడిపే ప్రొఫెసర్‌గారే కనిపెట్టి ఈ పనిలో పెట్టారు. "ఆ సంగతి నాకు పెళ్ళిచూపుల్లోనే తెలిసింది" అంటాడు మా అన్నయ్య. ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు, నోరు తక్కువ మనిషి. వదినకి మాత్రం ఆ గదిలో తన చోటంటే ప్రాణం. "నేను ముందుమాట చెబుతున్నంతసేపూ ప్రొఫెసర్‌గారు కూడా తలుపు బయట ఊపిరి బిగబట్టి నిలబడాలే. అంత చదువుకున్నాయన! నా మాట తడబడితే ఆయన పరీక్ష గంగలో కలిసినట్టే" అనేది. మా ఇంట్లో ఆవిడ మాటకి ఎవరూ ఊపిరి బిగబట్టరు. అందుకే ఆ చోటు పోతుందేమోనన్న భయం ఆవిడకి ప్రాణభయం కన్నా ఎక్కువ.

అనుమానం మా వదినకి కొత్త కాదు. కానీ ఈ మధ్య ఏడాది కాలంగా అది ముదిరింది. ఇంట్లో వస్తువులు మాయమవుతున్నాయనేది. స్టవ్ పక్కన పెట్టిన చెంచాల డబ్బా లేదనేది. ఉంది కదా అని నేను చూపిస్తే, "ఇప్పుడు పెట్టావు" అనేది. అచ్చం జడ్జిగారి మాటే. కింది వాటా ఆవిడ మెట్ల మలుపులో చాటుగా నిలబడి తనని భయపెడుతోందనేది. పాపం ఆవిడ మోకాళ్ళ నొప్పితో ఒక్కో మెట్టూ మూలుగుతూ ఎక్కుతుంది, చాటు ఎక్కడిది? ఇక నేను దగ్గరికి వస్తే చాలు, ఉలిక్కిపడేది.

"పిల్లిలా ఎందుకొస్తావే పక్కకి?"

"మామూలుగానే వచ్చాను వదినా. మెళ్ళో గంట కట్టుకుని తిరగమంటావా?"

"కట్టుకో. నీకు బాగుంటుంది కూడా."

వారంలో సగం రోజులు మాకు మాటలుండేవి కావు. వయసు మీదపడుతోంది, చాదస్తం అనుకున్నాను. అన్నయ్యతో అంటే, "దాని ఉద్యోగం అలాంటిది, పోనీలే" అన్నాడు.

అలాంటి సమయంలో ల్యాబ్‌లో ఓ గదిని వేరే విభాగానికి ఇచ్చేస్తారని, మనుషుల్ని కూడా తగ్గిస్తారని పుకారు పుట్టింది. వదిన ఆ రోజు నుంచి ప్రతి మొహాన్నీ వెయ్యికళ్ళతో చూడటం మొదలుపెట్టింది. ఆవిడ అనుమానం ముఖ్యంగా గుసగుస మీద.

గుసగుస అంటే అక్కడ పరిశోధన చేసే అమ్మాయి. లోపలి గదిలో చప్పుడు చేయకూడదు గనక గుసగుసలాడటం అలవాటై, ఆ పిల్లకి బయట కూడా గొంతు పెగలదు. బస్సులో టికెట్ అడిగినా కండక్టర్ వంగి వినాల్సిందే. ఆ పిల్ల ఒక కొత్త పరీక్ష తయారుచేసింది. తెర మధ్యలో చిన్న ప్లస్ గుర్తు ఉంటుంది, దాని మీంచి చూపు తిప్పకూడదు. అంచుల్లో ఎక్కడెక్కడో చుక్కలు మెరుస్తాయి, మెరిసినప్పుడల్లా మీట నొక్కాలి. కొత్త పరీక్ష ఏదైనా బయటివాళ్ళకి పెట్టేముందు మొదట కూర్చునేది మా వదిన. బాగుందో లేదో ఆవిడే చెప్పాలి. ఆ మర్యాద ఆవిడది.

వదిన కూర్చుని లేచింది. "బాగా వచ్చిందా?" అని అడిగింది.

"వచ్చిందండీ" అంది గుసగుస, తెర వంక చూస్తూ.

సాయంత్రం మళ్ళీ కూర్చోమన్నారు. మర్నాడు తెర మార్చి మళ్ళీ కూర్చోమన్నారు. ఆ తర్వాత వైర్లు చూసేవాడు వచ్చి అన్నీ ఊడదీసి బిగించాడు. మళ్ళీ కూర్చోబెట్టారు. ఆ తర్వాత ఇక కూర్చోమనలేదు. వదిన గదిలోకి అడుగుపెడితే మాటలు ఆగిపోయేవి.

"నాకు పొగబెడుతున్నారే" అంది వదిన ఆ రాత్రి అన్నం దగ్గర. చాలా రోజుల తర్వాత నాతో నేరుగా మాట్లాడింది, అందుకని నేనూ బెట్టు చెయ్యలేదు. నిజం చెప్పాలంటే నాకు కోపం కూడా వచ్చింది. మా వదినని నేను ఎన్నైనా అంటాను, బయటివాళ్ళు అంటే ఊరుకుంటానా?

అప్పట్నుంచి నా కౌంటర్ గూఢచారి కార్యాలయం అయిపోయింది. గుసగుస పుస్తకం తిరిగి ఇవ్వడానికి వచ్చినప్పుడు, "ఏమ్మా, మా వదిన ఎలా పనిచేస్తోంది?" అని మామూలుగా అడిగాను. ఆ పిల్ల మొహం కందగడ్డలా అయింది. చేతిలో పుస్తకం జారి పడింది. వంగి తీసుకుని, ఏదో గొణిగి, నా వంక చూడకుండా వెళ్ళిపోయింది. తప్పు చేసినవాళ్ళ చేతులే అలా వణుకుతాయని వదినకి చేరవేశాను. "చూశావా!" అంది వదిన.

తర్వాత కప్పు సంగతి. వదిన తన బల్ల దగ్గర ఏదో రాసుకుంటుంటే ఎడమ మోచేయి తగిలి ఒక కప్పు కింద పడి పగిలింది. నారింజరంగు కప్పు. తనది కాదు. అక్కడ అలాంటి కప్పు లేదని, పొద్దున్నే బల్ల తుడిచానని ఒట్టేసి చెప్పింది. తలెత్తి చూస్తే గుమ్మంలో ప్రొఫెసర్‌గారు, గుసగుస.

"కప్పు పగిలితే ఎవరైనా కప్పు వంక చూస్తారు కదే? వాళ్ళు కప్పు చూడలేదు. నా మొహం చూశారు."

ఆ మాట నేనూ నమ్మేశాను.

తర్వాత గడియారం. ప్రొఫెసర్‌గారు వచ్చి, "టైమెంతయిందండీ?" అని అడిగారట. వదిన చేతి గడియారం చూసి చెప్పింది. ఆయన తలూపి వెళ్ళిపోయారు. ఊడ్చే ఆవిడ నవ్వుతూ, "గోడ మీద అంత పెద్దది పెట్టుకుని చెయ్యి చూసుకుంటారేమిటండీ" అంది. వదిన తల తిప్పి చూస్తే ఎడమ గోడ మీద పళ్ళెమంత గడియారం. ఎప్పుడు పెట్టారంటే వారమైందంది ఊడ్చే ఆవిడ.

ఆ రోజు వదిన ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా కూర్చుంది. "నాకర్థమైంది. ఇది మా పనే. వస్తువు పెట్టడం, కనిపెట్టారా లేదా అని చూడటం. నేను ఇన్నేళ్ళు జనాలకి చేసింది నాకే చేస్తున్నారు. నాకు ధ్యాస తగ్గింది, ఈవిడ ఇక పనికిరాదు అని రుజువు చేసి పంపించేస్తారు."

"అడిగెయ్యి వదినా మొహం మీదే!"

"అడిగితే ముందుమాట చెబుతారు. అది కనిపెట్టలేననా? ఇంకా చెయ్యనీ, చూద్దాం."

అలా రోజులు గడిచాయి. వాళ్ళు వదినని చూస్తున్నారు, వదిన వాళ్ళని చూస్తోంది, నేను పై నుంచి అందర్నీ చూస్తున్నాను. ఒకరోజు ప్రొఫెసర్‌గారే నా కౌంటర్ దగ్గరికి వచ్చారు. చేతిలో ఓ పుస్తకం. తిరిగి తీసుకుందామని చూస్తే అది మా లైబ్రరీది కానే కాదు, ఆయన సొంతం. నాతో మాట్లాడటానికి సాకు.

"మీ వదినగారు ఇంట్లో... మెట్లు దిగేటప్పుడు తడబడటం, గుమ్మానికి తగులుకోవడం లాంటివి ఏమైనా..."

ఓహో, ఇంటిదాకా వచ్చారా అనుకున్నాను. సాక్ష్యం కావాలి, అదీ ఇంటి మనిషి నోటి నుంచే కావాలి!

"మా వదినవి డేగకళ్ళండీ. ఇంట్లో దుమ్ము కూడా ఆవిడకి భయపడి మూల నక్కుతుంది" అన్నాను.

"చేతి మీద ఆ దెబ్బలు..."

"బీరువా జరిపాం. ఇంటి విషయాలు మీకెందుకండీ?"

ఆయన ఇంకేదో అనబోయి, తన పుస్తకం తను తీసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయారు. నేను గెలిచాననుకున్నాను. కానీ మేం బీరువా జరపలేదు. ఆ దెబ్బల సంగతి నాకు తెలియనే తెలియదు. ఇంటికెళ్ళి, వదిన చేతులు కడుక్కుంటుంటే చూశాను. ఎడమ భుజం నుంచి మోచేయిదాకా కమిలిన మచ్చలు, కొన్ని పాతవి, కొన్ని కొత్తవి. కుడిచేతికి ఒక్కటీ లేదు.

ఛీ, చెప్పడానికే సిగ్గుగా ఉంది, నా చూపు మా అన్నయ్య మీదికి పోయింది. రాత్రి ఆయన్ని వరండాలోకి పిలిచి అడిగాను. "నేను నువ్వేమోననుకున్నాను. మీరిద్దరూ కొట్టుకునేదాకా వచ్చారేమోనని" అన్నాడు. వదినని అడిగితే, "ఈ ఇంట్లో తలుపులన్నీ ఎవరో జరుపుతున్నారు" అంది. ఆ రాత్రి మా ముగ్గురికీ ఒకరి మీద ఒకరికి నమ్మకం లేదు.

మర్నాడు వదిన తెల్లవారుతూనే తయారై, "ఇక చాలు. ఈవేళ తేల్చుకుంటాను. భోజనాల వేళకి నువ్వూ కిందికి రా, సాక్షిగా ఉండు" అంది. నేను కౌంటర్ మీద బోర్డు తిప్పేసి దిగాను.

వదిన లోపలి గదిలోకి నడిచి, ఎప్పుడూ కూర్చునే ఎదుటి కుర్చీలో కాకుండా, పరీక్షకి వచ్చినవాళ్ళ కుర్చీలో కూర్చుంది. ప్రొఫెసర్‌గారు గుమ్మం దగ్గరే ఆగిపోయారు. ఆయన వెనక నుంచి గుసగుస వచ్చి వదిన కుర్చీకీ గోడకీ మధ్య నిలబడింది. నేను తలుపు దగ్గర.

"ముడి విప్పండి సార్" అంది వదిన.

ఆయన ఎదుటి కుర్చీలో కూర్చున్నారు. ఆ గదిలో ఆ పనికి వేరే మాటలు లేవు కాబోలు, ఆయన కూడా ఆ మాటలతోనే మొదలుపెట్టారు.

"కాస్త కూర్చోండి" అన్నారు, ఆవిడ కూర్చునే ఉన్నా. "ఇంతసేపూ... ఇన్నాళ్ళూ మీకు చెప్పింది అసలు సంగతి కాదు. మేం చూసింది వేరే."

"అది తెలుసు. నాకు ధ్యాస తగ్గిందనేగా?"

"కాదండీ. ఆ చుక్కల పరీక్షలో ఎడమ అంచున మెరిసినవాటికి మీరు ఒక్కసారి కూడా మీట నొక్కలేదు. తెర పాడైందనుకున్నాం. మార్చాం. వైర్లనుకున్నాం. అవీ చూపించాం. ఆ తర్వాత... కప్పు పెట్టాం. గడియారం పెట్టాం. అన్నీ ఎడమవైపే. మీకు అటుపక్క కనిపించడం లేదండీ."

వదిన నవ్వింది. ముందుమాటల్లో ఇంత చేతకానిది ఆవిడ ఎన్నడూ విని ఉండదు. "నాకన్నీ కనిపిస్తున్నాయి సార్. మీరు కనిపిస్తున్నారు, తెర కనిపిస్తోంది, గోడ కనిపిస్తోంది. ఎక్కడా నల్లగా లేదు, చిరుగు లేదు."

"నల్లగా ఉండదండీ. పోయిన చోటుని మెదడు పక్కనున్నదాంతో నింపేస్తుంది. మీకు తెలియనిదా?"

"అయితే మొదటిరోజే ఎందుకు చెప్పలేదు?"

ఆయన తలదించుకున్నారు. "చెబితే మీరు అటే చూస్తూ ఉంటారు. ఫలితం పాడవుతుంది. ఖాయం చేసుకున్నాక చెబుదామని... ఇంకోసారి, ఇంకోసారి అనుకుంటూ..."

నాకు ఆయన జుట్టు పట్టుకోవాలనిపించింది. ఇల్లు తగలబడుతుంటే మంట రంగు సరిగ్గా ఏమిటో చూసి అప్పుడు కేక వేద్దామనుకునేవాళ్ళు వీళ్ళు కాక ఇంకెవరుంటారు?

వదిన మాత్రం ఇంకా నమ్మలేదు. మొహంలో ఏమీ లేదు. "ఇది మీ ఒక్కరి మాట. ఆ పిల్లేది? గుసగుసని పిలవండి. నా ఎదురుగా, నా మొహం చూసి చెప్పమనండి" అంది.

ప్రొఫెసర్‌గారు నా వంక చూశారు. నేను వదిన ఎడమపక్కకి చూశాను. గుసగుస అక్కడే ఉంది. వదిన కుర్చీ చేతికి జానెడు దూరంలో నిలబడి, అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. వచ్చినప్పట్నుంచీ అక్కడే ఉంది.

"ఇక్కడే ఉన్నానండీ" అంది ఆ పిల్ల.

వదిన ఉలిక్కిపడింది. ఇంట్లో నన్ను చూసి పడినట్టే. మెల్లిగా తల ఎడమకి తిప్పింది, ఇంకా తిప్పింది, ఇంకా. అప్పుడు ఆ పిల్ల కనిపించింది. ఎంతసేపు చూసిందో. మళ్ళీ ముందుకి తిరిగింది, మళ్ళీ పక్కకి చూసింది. తిరిగినప్పుడల్లా ఆ పిల్ల మాయమై, చూసినప్పుడల్లా వస్తోందని నాకు అప్పుడర్థమైంది. చెంచాల డబ్బా, కింది వాటా ఆవిడ, తలుపులు, నేను. ఏడాది పాటు మా అందర్నీ దొంగల్ని చేసింది ఆ పక్కే.

"నేను చెప్పేద్దామన్నానండీ" అంటోంది గుసగుస. "ధైర్యం చాల్లేదండీ."

వదిన ఆ పిల్ల మాట విన్నట్టు లేదు. ప్రొఫెసర్‌గారి వంకే చూస్తోంది. "తర్వాతి మాట చెప్పండి" అంది.

"ఏ మాట?"

"చివరి మాట. అది చెబితేగానీ ముడి విప్పినట్టు కాదు."

మీలో లోపమేం లేదు, అందరికీ ఇలాగే జరుగుతుంది. గదిలో నలుగురికీ తెలుసు ఆ మాట. ప్రొఫెసర్‌గారు నోరు తెరిచారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మళ్ళీ పెట్టుకోలేదు. మా వదిన ఎదురుచూస్తూనే ఉంది. అబద్ధం చెప్పడం చేతకాని మనిషి ఆయన, ఆ పనికి ఇన్నేళ్ళూ మా వదినని పెట్టుకున్నారు.

నేనే వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకుని లేవదీశాను. కుడిచెయ్యి.

కళ్ళ డాక్టరమ్మ చూసి నీటికాసులు, అదే గ్లకోమా, అంది. కంట్లో ఒత్తిడి పెరిగి, నొప్పీ గిప్పీ లేకుండా లోపలి నరాన్ని తినేస్తూ పోతుందట. రెండు కళ్ళకీ ఉంది, ఎడమపక్క చూపు ఎక్కువ పోయింది. పోయింది తిరిగి రాదు. రోజూ చుక్కల మందు వేసుకుంటే మిగిలింది నిలుస్తుంది. "కొన్ని వారాలు ముందొచ్చినా ఇంకాస్త మిగిలేదేమో, చెప్పలేం" అందావిడ. మా అన్నయ్య బయట బెంచీ మీద కూర్చుని ఆ "కొన్ని వారాలు" అన్న మాట పట్టుకుని ఏడ్చాడు. వదిన ఏడవలేదు. రోడ్డు దాటేటప్పుడు మాత్రం ఎప్పుడూ లేనిది నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఇన్నాళ్ళూ నువ్వే జరిపావనుకున్నాను" అంది. "ఒక్కసారి నిజంగానే జరిపాన్లే" అన్నాను. నవ్విందనుకోండి, కానీ ఎప్పుడు, ఏ డబ్బా అని ఇల్లు చేరేదాకా వదల్లేదు.

నేను పట్టీలు కొనుక్కున్నాను, మువ్వలున్నవి. ఈ వయసులో ఇదేం సోకని లైబ్రరీలో నవ్వుతారు. నవ్వనీ. ఇంట్లో నేను పక్కకి వస్తుంటే వదిన ఇప్పుడు ఉలిక్కిపడదు.

ల్యాబ్‌లో ఆవిడ చోటు ఎవరూ తీయలేదు. తీసే ఉద్దేశమే లేదట, గది పోయినా మనిషి పోదన్నారు. గుసగుస ఇప్పుడు కుడివైపు నుంచే వస్తుంది, కాస్త గొంతు కూడా పెంచింది. ప్రొఫెసర్‌గారిని వదిన క్షమించిందో లేదో నాకు తెలియదు. మొహం చూసి చెప్పలేం కదా. ముందే ఒప్పుకుని సంతకం పెట్టనిదే ఇక మీదట ఎవరి పక్కనా కప్పు కూడా పెట్టడానికి వీల్లేదని మాత్రం ఆయన ముఖానే చెప్పింది. ముడి విప్పే మాటల్లో చివరిది మార్చింది కూడా. "మీలో లోపం ఉందో లేదో నాకు తెలీదు. ఒకసారి కళ్ళు చూపించుకోండి" అంటుంది. వచ్చినవాళ్ళు బెదిరిపోతారని ప్రొఫెసర్‌గారు నసిగితే, "ఫలితం పాడవుతుందా?" అని అడిగింది. ఆయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

మొన్న జడ్జిగారు మళ్ళీ వచ్చారు. మరో పరీక్షకి. ఈసారి ఏం మార్చినా పట్టేస్తానని శపథం చేసి మరీ గడ్డం పెట్టారు. మార్చింది ఆయనకి ఈసారీ కనిపించలేదు. వదిన ఎదురుగా కుర్చీ లాక్కుని, ముడి విప్పి, చివర్లో కళ్ళు చూపించుకోమంది. ఆయనకి కోపం నషాళానికి అంటింది.

"నా కళ్ళకేమమ్మా? నాకన్నీ కనిపిస్తున్నాయి!"

"నేనూ అదే అన్నానండీ" అంది మా వదిన.